నేను ఖాళీగా వదిలిన గడి

ముప్పై ఏళ్ల పైచిలుకు సర్కారు దవాఖానల్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మొన్న మా సంఘం వాళ్లు వచ్చి, "మేడమ్, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుకుంటారు, మీ అనుభవాల్లోంచి స్ఫూర్తినిచ్చేది ఒకటి రాసివ్వండి" అన్నారు. స్ఫూర్తినిచ్చేవి నా దగ్గర లేకపోలేదు. మంచం దిగడనుకున్న మనిషి బిడ్డ పెళ్లిలో అప్పగింతలకు తన కాళ్ల మీద నిలబడ్డాడు, అదొకటి రాయొచ్చు. కానీ అలాంటివి అందరూ రాస్తారు, వాటిలో రాసినవాళ్ల గొప్పే ఎక్కువ కనిపిస్తుంది. నేను రాసేది, తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలే సంగతి. వేసుకుంటే వేసుకోండి, లేదంటే చింపి పారేయండి. మీ మీద నాకేం కోపం లేదు. ఉన్న కోపమంతా వేరేవాళ్ల మీద, కొంత నా మీద.

మా దవాఖాన ఏ ఊరిదో చెప్పను. నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సెక్కితే గంటలోపు వస్తుంది, అంతవరకు చాలు. అంతకుముందు పాలమూరు వైపు చాలాకాలం చేశాను. అక్కడ అచ్చంపేట అవతలి అడవిలో తేనె తీస్తూ గుట్ట మీంచి జారినవాళ్లు వచ్చేవాళ్లు. ఇటు బదిలీ అయ్యాక తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు వచ్చేవాళ్లు. ఎక్కడ పడినా విరిగేది వెన్ను, చచ్చుబడేది కాళ్లు. ఇల్లు నడిపే మనిషి మంచానికి అతుక్కుపోవడం రెండు జిల్లాల్లోనూ ఒకటే.

ఈ కథకు కావలసినంత వైద్యం ముందే చెప్పేస్తాను. చేతిలో నరం తెగితే, బాగా కుట్టిపెడితే, గోరు పెరిగినంత నిదానంగా మళ్లీ పెరుగుతుంది. వెన్నుపాము పెరగదు. దాన్ని ఎలాగైనా పెంచాలని ప్రపంచమంతా పరిశోధనలు చేస్తున్నారు. చేయాలి కూడా. నేను పరిశోధనకు విరోధిని కాను, ఆ మాట గుర్తుంచుకుని మిగతాది చదవండి. రెండో సంగతి. వెన్నుపాము కొందరికి పూర్తిగా తెగిపోతుంది, కొందరికి నాలుగు పోగులు మిగులుతాయి. మిగిలాయో లేదో తెలుసుకోవాలంటే కాళ్లు చూస్తే చాలదు. కూర్చునే చోట, మలద్వారం దగ్గర గుండుసూదితో తాకి చూడాలి, గ్లవుజు వేసుకుని వేలితో చూడాలి. అక్కడికి పోయే పోగులు వెన్నుపాములో అంచున ఉంటాయి కాబట్టి అన్నీ పోయినా అవి మిగలొచ్చు. అక్కడ స్పర్శ ఉందంటే మనిషి మీద ఆశ ఉన్నట్టు. ఒక జత గ్లవుజులు, ఒక నిమిషం. అంతకు మించి ఖర్చు లేని పరీక్ష అది, మన దేశంలో ఎవరూ చేయని పరీక్ష కూడా అదే.

రాష్ట్రం వచ్చిన మూడు నాలుగేళ్లకనుకుంటా, ఎండలు ముదరకముందు, ఒక గీత కార్మికుడు పడ్డాడు. ముప్పై అయిదు దాటని మనిషి. చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు పైన జారింది. అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది వచ్చేదాకా ఆగలేక ఊళ్లోవాళ్లు ఆయన్ను మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టారు. మెడ వాలిపోతుంటే, జారిపోకుండా ఆ మోకుతోనే ముందువాడి నడుముకు కట్టారు. గుంతల రోడ్డు మీద అలాగే తీసుకొచ్చారు. విరిగిన వెన్నును ఎవరూ ఇంతకన్నా ప్రేమగా పాడుచేయలేరు. వాళ్లను నేను తిట్టలేను. కదపకుండా చెక్క మీద పడుకోబెట్టి తీసుకురావాలని మనలో ఎవరైనా వాళ్ల ఊరికి పోయి ఏనాడైనా చెప్పామా?

హైదరాబాదులో రాడ్లు వేసి, మూడో వారంలో మా వార్డుకు పంపారు. మనిషి మాటకారి. మొదటి రోజే నన్ను పట్టుకున్నాడు.

"మేడం, నాకు చెట్టెక్కుడు వద్దు, ఉరుకుడు వద్దు. ఒక్కటే కావాలె."

"ఏంటది?"

"బయటికి పోయేదుంటే నాకు తెల్వాలె. నా పెండ్లాం నన్ను చిన్నపోరన్ని కడిగినట్టు కడుగుతాంది. నా బిడ్డ చూస్తాంది. గది బంద్ కావాలె. ఆ తర్వాత కాళ్లొచ్చినా సరే, రాకున్నా సరే."

భార్య పక్కనే నిలబడి ఉంది. "ఏం మాటలయ్యా, మేడం ముంగట!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ మాట నచ్చింది. తనకేం కావాలో అంత సూటిగా చెప్పిన పేషెంటు నాకు అరుదుగా తగిలాడు.

మా వార్డులో ఒక అటెండరు ఉండేవాడు. తురకాయన, పెద్దవాడు. అందరూ చాచా అనేవాళ్లం. మగ రోగులను కడగడం, పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చూసుకోవడం ఆయన పని. ఆయన చదివింది అయిదో తరగతి. కానీ ఏ మనిషి ఒంట్లో ఎక్కడ ప్రాణముందో మా డాక్టర్లకన్నా ఆయనకే ముందు తెలిసేది. ఎందుకంటే చేత్తో ముట్టుకునేది ఆయనొక్కడే.

ఇక హైదరాబాదు వాళ్ల సంగతి. ఒక పెద్ద ప్రైవేటు పరిశోధన కేంద్రం వెన్నుపాములోకి కణాలు ఎక్కించి నరాలు మళ్లీ మొలిపించే ప్రయోగం మొదలుపెట్టింది. దానికి మనుషులు కావాలి. పెద్ద డాక్టరు స్వయంగా మా దవాఖానకొచ్చి, టీ తాగుతూ, "మీ జిల్లాలో మాకు మంచి కేసులు దొరుకుతాయని విన్నాను, తాటిచెట్లు ఎక్కువట కదా" అన్నాడు. మంచి కేసులట. అంగట్లో మంచి వంకాయలున్నాయా అన్నట్టు అడిగాడు. ఆ రోజే లేచి వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. ఎందుకో చెప్తాను. ప్రయోగానికి ముందు, తర్వాత రోగులను పరీక్షించి ఫారాలు నింపే బాధ్యత నాకిస్తానన్నాడు. ఫలితాలు అచ్చైనప్పుడు అందులో నా పేరు కూడా ఉంటుందన్నాడు. ఇరవై అయిదేళ్లుగా పేరు లేకుండా చాకిరీ చేసినదాన్ని, ఆ మాటకు మునగచెట్టెక్కాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వాళ్లు రాసుకున్న నియమం మంచిదే. వెన్నుపాములోకి సూది గుచ్చడమంటే మాటలు కాదు, ఉన్న పోగులు కూడా దెబ్బతినొచ్చు. అందుకని పోయేదేమీ లేనివాళ్లకే, అంటే స్పర్శ బొత్తిగా లేనివాళ్లకే సూది వేయాలని రాసుకున్నారు. ఎవరో బుద్ధిమంతుడు రాసిన నియమం. దాన్ని అమలు చేయాల్సింది మాత్రం మాలాంటివాళ్లం.

ఆ గీత కార్మికుణ్ణి అడిగి ప్రయోగానికి పేరు రాసిందీ, పరీక్షించిందీ నేనే. ఫారం మీద మనిషి బొమ్మ ఉంటుంది, మెడ నుంచి మడమ దాకా గడులుంటాయి. గుండుసూది, దూది పట్టుకుని గంటన్నర కూర్చున్నాను. బొడ్డు కింద నుంచి ఏమీ తెలియడం లేదన్నాడు. అన్ని గడులూ నింపాను. చివరి గడి మలద్వారానిది, ఉందా లేదా అని. ఆడదాన్ని, భార్య పక్కనుంది, ఆయనకు సిగ్గు, నాకూ మొహమాటం. అది నింపడం డాక్టర్ల పని అనుకునేదాన్ని, ఏళ్ల తరబడి అలాగే అనుకుంటూ వచ్చాను. గడి ఖాళీగా వదిలేసి కింద సంతకం పెట్టి, కేంద్రం నుంచి వచ్చిన చిన్న డాక్టరుకు ఇచ్చాను. "ఈ ఒక్కటీ మీరు చూసి నింపండి" అని చెప్పాను. అతను సరే మేడమ్ అన్నాడు. బస్సు టైమైందని గడియారం చూసుకుంటూ నా ముందే "లేదు" అని రాశాడు. రోగి మంచం దాకా కూడా పోలేదు. నేను చూశాను. ఎప్పుడో చూసి ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత చాచా నా గదికొచ్చాడు.

"మేడం, ఒక మాట. గాయనకు తెలుస్తాందమ్మా."

"ఏం తెలుస్తోంది చాచా?"

"కడిగేటప్పుడు నేను ఊకె అడుగుత. నీళ్లు సల్లగున్నయా, వేడిగున్నయా అని. పలకనోళ్లను గూడ అడుగుత, నాకు అలవాటు. ఇయ్యాల నేను అడగకముందే జర వేడిగున్నయి చాచా అన్నడు. చూడకుండ అన్నడు. అటు మొకం పెట్టి పండుకున్నడు."

గ్లవుజులు తీసుకుని పోయాను. భార్య బియ్యం కడగడానికి బయట నల్లా దగ్గరికి పోయింది. తెర లాగించి, చాచాను పక్కన నిలబెట్టుకుని, "తమ్మీ, సిగ్గుపడకు, ఇది చూడాల్సిందే" అన్నాను. గుండుసూది మొనతో ఒకసారి, తలతో ఒకసారి, వరస మార్చి తాకాను. ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. వేలితో చూశాను. "ఒత్తుతున్నవ్ మేడం" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మంచిదేనా?"

"చాలా మంచిది" అన్నాను. "నువ్వడిగింది ఉంది చూడు, బయటికి పోయేది తెలియాలని. అది నేర్పించొచ్చు. కొన్ని నెలలు పడుతుంది. కాళ్ల సంగతి చెప్పలేను గాని, ఇది మాత్రం ఇద్దరం కలిసి సాధిద్దాం."

ఆయన దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాడు. చాచా తల నిమిరాడు. పరీక్షలో తేలింది కేసుషీటులో ఒక కాగితం నిండా రాసి, తేదీ వేసి పెట్టాను. నకలు తీసుకోలేదు. పిల్లలూ, మీరు మాత్రం తీసుకోండి.

ఆ మధ్యాహ్నమే పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను.

"సర్, ఆయనకు స్పర్శ ఉంది. మన నియమం ప్రకారం ఆయన్ను తీసుకోకూడదు."

"మేడమ్, ఫారం నా ముందే ఉంది. లేదని ఉంది, కింద మీ సంతకం ఉంది."

"లేదని నేను రాయలేదు సర్. ఆ గడి నేను వదిలేశాను."

"వదిలేసి సంతకం ఎలా పెట్టారు?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ పెంచేదాన్ని. నిమ్మకు నీరెత్తినట్టు మాట్లాడాడు. "చూడండి, కాళ్లు పోయినవాళ్లకు లేని స్పర్శ ఉన్నట్టు అనిపించడం మామూలే. మీరు సీనియర్. ఒక ఫారం తప్పని మీరే అంటే, ఇదివరకు మీరు పంపినవన్నీ కూడా అనుమానించాల్సి వస్తుంది. ఎవరికి నష్టమో ఆలోచించుకోండి."

సూపరింటెండెంటు దగ్గరికి పోయాను. ఆయన రిటైర్మెంటుకు రెండు నెలలుంది. "అమ్మా, పేషెంటు ఒప్పుకున్నాడు, వాళ్ల దగ్గర అనుమతులున్నాయి, మధ్యలో మనకెందుకు" అన్నాడు. మనకెందుకు అనే మాట మీద కొన్ని దవాఖానలు ముప్పై ఏళ్లు నడుస్తాయని నాకు అప్పటికే తెలుసు. అయినా ఆ రోజు కొత్తగా విన్నట్టు కోపమొచ్చింది. కోపమొచ్చి ఏం చేశాను? గదిలోకొచ్చి కూర్చున్నాను. రెండు రోజులు ఎవరెవరికో ఫోన్లు చేశాను. ఆ రెండు రోజుల్లోనే చిన్న డాక్టరు ఒకసారి వార్డుకొచ్చి, మొగుడూ పెళ్లాలతో చాలాసేపు మాట్లాడిపోయాడని చాచా చెప్పాడు. ఏం మాట్లాడాడో ఆయనకూ తెలియలేదు.

తీసుకుపోయే రోజు రానే వచ్చింది. పొద్దున పదింటికి వాళ్ల తెల్ల అంబులెన్సు వరండా ముందు ఆగింది. ఊరి నుంచి రెండు ఆటోల జనం వచ్చారు. జిల్లాలో మొట్టమొదట నరాలు మొలవబోయేది తమ ఊరివాడికేనని ఎవరో చెప్పారట. కొబ్బరికాయ తెచ్చారు, బంతిపూల దండ తెచ్చారు. స్ట్రెచరు మీద ఆయన దండ వేసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు. నేను పోయి స్ట్రెచరు ముందర నిలబడ్డాను.

"తమ్మీ, నువ్వు పోవద్దు. నీకు స్పర్శ ఉంది. సూది వేస్తే ఉన్నది కూడా పోవచ్చు."

"ఏం స్పర్శ మేడం?"

"మొన్న నేను చూసినప్పుడు చెప్పావు కదా. చాచా నీళ్లు పోస్తే వేడిగున్నాయన్నావు కదా."

ఆయన నా కళ్లల్లోకి చూడలేదు. అంబులెన్సు వైపు చూస్తూ, "నాకేం తెల్వలే. నేనేం అనలే" అన్నాడు.

చాచా నా వెనకే ఉన్నాడు. "అరే బేటా, నాతోనే అంటివి గదరా" అన్నాడు.

"యాది లేదు చాచా."

అప్పుడు అర్థమైంది నాకు. స్పర్శ ఉన్నవాళ్లకు సూది వేయరని ఆయనకు తెలిసిపోయింది. ఒంట్లో ఉన్న ఆ కాస్త ప్రాణాన్ని, తన కాళ్లకు అడ్డమనుకుని, ఆయన దాచిపెడుతున్నాడు. గుండుసూది తీశాను. "సరే, ఇక్కడే చూద్దాం. తెర పెట్టండి, రెండు నిమిషాలు" అన్నాను. చిన్న డాక్టరు టైము లేదన్నాడు. స్ట్రెచరు మీదున్న ఆయన నా మీద అరిచాడు.

"మా చుట్టాల ముంగట నా బట్టలిప్పుతవా మేడం? ఇజ్జత్ తీస్తవా? నా పేరు రాసింది నువ్వే, ఇప్పుడు వద్దనేది నువ్వే!"

భార్య ముందుకొచ్చింది. నాలుగు రోజుల క్రితం వరకు నాకు ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చిపెట్టిన మనిషి. "నీ కాళ్లు నీకు మంచిగున్నయి మేడం. ఆయనకు వస్తయంటే నీకేం పోతాంది? జరుగు. మా కడుపు మీద కొట్టకు, జరుగు!"

జనం కూడా జరుగు జరుగు అన్నారు. ఎవరో నా భుజం పట్టుకుని పక్కకు నెట్టారు. గట్టిగా కూడా నెట్టలేదు. నేను జరిగాను. కొబ్బరికాయ కొట్టారు, బండి పోయింది. చాచా వరండాలో పడిన చిప్పలు ఏరి చెత్తబుట్టలో వేశాడు.

ఆయన అయిదారు వారాలకు తిరిగొచ్చాడు. కేసుషీటు కూడా వచ్చింది, నేను రాసిపెట్టిన ఆ ఒక్క కాగితం తప్ప. మిగతావన్నీ భద్రంగా ఉన్నాయి, టీ మరక పడ్డ రక్తపరీక్ష చీటీతో సహా. కాళ్లలో కదలిక లేదు. ఇంకా టైము పడుతుందని చెప్పి పంపారట. నేను పరీక్ష చేద్దామని పోతే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సరే, రేపు చూద్దామని వచ్చేశాను.

రేపటిదాకా ఆగాల్సిన పని లేకపోయింది. సాయంత్రం చాచా వచ్చి నా గదిలో నేల మీద కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అలా కూర్చునేవాడు కాదు.

"మేడం, ఇయ్యాల నీళ్లు మస్తు కాగినయి. నేను చూసుకోలే, నా తప్పే. పోసిన. గాయన ఏమనలే. బొబ్బ లేసింది, అయినా ఏమనలే." చేతులు రెండూ మొహానికి పెట్టుకున్నాడు. "నేను అడిగిన. వేడిగున్నయా బేటా అని. పోసినవా చాచా అన్నడు."

మర్నాడు గ్లవుజు వేసుకుని చూశాను. ఏమీ లేదు. ఎన్నిసార్లు చూసినా లేదు. ఆయన ఈసారి దాచిపెట్టడం లేదు. ప్రతిసారీ "ఇప్పుడు తాకినవా?" అని ఆశగా అడిగాడు.

కొన్నాళ్లకు కేంద్రానికి ఆయన రెండో ఫారం నింపి పంపాల్సి వచ్చింది. అన్ని గడులూ నింపాను, చివరిది కూడా. లేదు అని రాశాను, అది నిజం కాబట్టి. ఉన్నది పోయిందని పక్కన రాశాను కూడా. వాళ్లు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ముందు లేదు, తర్వాత లేదు. మార్పు లేదు. పక్కన రాసినదానికి గడి లేదు కాబట్టి అది ఎక్కడా ఎక్కలేదు. ఒక మనిషికి మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని తీసేసి, ఆయనకేమీ కాలేదని నా సంతకం సాక్షిగా రుజువు చేశారు.

హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో సభ పెట్టి నన్ను కూడా పిలిచారు. పెద్ద డాక్టరు తెర మీద బొమ్మలు చూపిస్తూ, "ప్రయోగం వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏ హానీ జరగలేదు, అది మాకు గర్వకారణం" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "సర్, ఒకాయనకు జరిగింది" అన్నాను. మైకు నా దగ్గర లేదు. ఆయన దగ్గరుంది. నవ్వుతూ అందుకున్నాడు. "మేడమ్ మా జిల్లా సహచరురాలు. మారుమూల నుంచి ఎంతో కష్టపడి మనకు కేసులు పంపారు. ఆవిడకు ఒకసారి చప్పట్లు!" హాలంతా చప్పట్లు కొట్టింది. టీ విరామం ప్రకటించారు. నాకు సన్మానం చేసి నోరు మూయించిన మొనగాణ్ణి ఆయనొక్కణ్ణే చూశాను. ఆ టీ నేను తాగలేదు. అదే నేను ఆ రోజు చేసిన ఘనకార్యం. తర్వాత ఉద్యోగం, బదిలీ, ఇంట్లో పనులు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

రిటైరయ్యాక పింఛను కాగితాలన్నీ తేలిపోయాయి. ఇక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు అన్నప్పుడు నాకు ధైర్యమొచ్చింది. ఆ ధైర్యానికి ఏం పేరు పెడతారో మీ ఇష్టం. ప్రయోగాలను చూసుకునే పైవాళ్లకు ఉత్తరం రాశాను. ఖాళీ గడి దగ్గర్నుంచి మాయమైన కాగితం దాకా, నా తప్పుతో సహా అంతా రాశాను. చాచా కింద ఉర్దూలో సంతకం పెట్టాడు. పంపేముందు ఆ గీత కార్మికుడికి చదివి వినిపించడం న్యాయమనిపించి వాళ్ల ఊరు పోయాను.

రేకుల షెడ్డు కింద మంచం మీద ఉన్నాడు. ముందు చిన్న డబ్బా పెట్టుకుని బీడీలు, సబ్బులు, బిస్కెట్లు అమ్ముతున్నాడు. సన్నబడ్డాడు గాని మాటకారితనం పోలేదు. నన్ను చూసి, "రా మేడం, గింత దూరం వచ్చినవ్" అన్నాడు. భార్య లోపల్నుంచి బకెట్టుతో వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, బకెట్టు గోడవారగా పెట్టింది. అది ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

ఉత్తరం చదివాను. ఇద్దరూ విన్నారు. తర్వాత ఆయన అడిగాడు.

"అంటే మేడం, గప్పుడు పోకపోయి ఉంటే, నాకు బయటికి పోయేది తెలుస్తుండెనా?"

"తెలిసేది" అన్నాను. "అప్పటికే తెలుస్తుండె. మనం సాధించేవాళ్లం."

ఆయన తలొంచుకుని డబ్బాలోని సబ్బులు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్లీ సర్దాడు.

"గా చిన్న డాక్టరే చెప్పిండు" అంది భార్య. "ఎవరన్న అడిగితే ఏం తెల్వదని చెప్పుండ్రి, లేకుంటే లిస్టులకెళ్లి పేరు తీసేస్తరు అని. చేతుల చేయి వేయించుకున్నడు. గది గూడ రాయి."

రాస్తానన్నాను. కలం తీశాను. రేపే పోస్టు చేస్తానని, ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదని, ఏవేవో అన్నాను. ఆ రోజు నేను ఎంత చెప్పినా మీరు వినలేదు కదా అని కూడా అన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో, నోరు జారింది.

ఆమె నా వైపు తిరిగింది. అరవలేదు.

"మేం తెల్వనోళ్లం మేడం. కాళ్లొస్తయన్న ఆశకు అబద్ధమాడినం, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినం. నువ్వు తెలిసినదానివి గద. మేం జరుగుమంటే జరుగుతవా? బండికి అడ్డం పండుకోవద్దా?"